ఉల్లి, వెల్లుల్లి మానేస్తే బౌద్ధ వంట అయిపోతుందా? షోజిన్ వంట తెలిసినవాళ్ళు చెప్పండి

పెరటితోట · సోమవారం, ఉదయం 6:12

అందరికీ నమస్కారం. పోయిన నెలలో పది రోజుల విపశ్యన శిబిరానికి వెళ్ళొచ్చాను. ధ్యానం గురించి చెప్పేంత దూరం నేనింకా రాలేదు. నన్ను పట్టుకుని వదలనిది అక్కడి తిండి. పొద్దున్న ఆరున్నరకి టిఫిను, పదకొండుకి అన్నం, పప్పు, ఒక కూర, మజ్జిగ. సాయంత్రం అయిదింటికి నాలాంటి కొత్తవాళ్ళకి టీ, కాసిని బొరుగులు, ఒక పండు. పాత సాధకులకి నిమ్మకాయ నీళ్ళు మాత్రమే. మాటల్లేవు. నాలుగో రోజున సొరకాయ కూర తింటుంటే, సొరకాయకి ఇంత తీపి ఉంటుందని నలభై ఆరేళ్ళలో మొదటిసారి తెలిసింది.

ఇంటికొచ్చిన మూడో రోజుకే మళ్ళీ ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో ముద్ద. తిన్నాక ఏం కూర తిన్నానో గుర్తు రాలేదు. చాలా బాధేసింది.

జపాన్ బౌద్ధ ఆలయాల్లో 'షోజిన్ ర్యోరి' అనే శాకాహార వంట ఉందని, దాన్ని సాధనలో భాగంగా చూస్తారని విన్నాను. మనింట్లో చేసుకోగలిగినవి ఏమైనా ఉన్నాయా? నాకు షుగరు హద్దు మీద ఉంది, అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి. ఉల్లి, వెల్లుల్లి ఎలాగూ శ్రావణ, కార్తీక మాసాల్లో మానేస్తాం. మిగతాది ఏమిటి?

అత్తమ్మ_వంట · సోమవారం, ఉదయం 7:40

ఉల్లి, వెల్లుల్లి లేకుండా వండటం మనకి కొత్తేం కాదమ్మా. ఇంగువ పడితే ఏ పప్పైనా, ఏ పులుసైనా నిలబడుతుంది. మా ఇంట్లో మూడు తరాలుగా అంతే.

కోయాసాన్_యాత్రి · సోమవారం, ఉదయం 9:05

అత్తమ్మ గారూ, ముందుగా మీ ఇంగువ గురించే చెప్పాలి. చైనా బౌద్ధులు పాటించే బ్రహ్మజాల సూత్రంలో మానాల్సిన ఘాటు పదార్థాలు అయిదు. వెల్లుల్లి, ఉల్లి, వాటి కుటుంబంలోవే మరో రెండు. అయిదోది ఇంగువ! చైనా భాషలో దాన్ని 'షింగ్‌చూ' అంటారు. మన 'హింగు' అన్న మాటే అక్కడికి నడిచివెళ్ళి అలా మారింది. పచ్చిగా తింటే కోపాన్ని, వండి తింటే కామాన్ని పెంచుతాయని శూరంగమ సూత్రం చెప్పే కారణం. అంటే మనం ఉల్లికి బదులుగా వేసుకునేదాన్నే వాళ్ళు ఉల్లితోపాటు పక్కన పెట్టారు.

నేను ఒసాకాలో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను. ఇక్కణ్ణుంచి రైల్లో పోతే కోయా కొండ వస్తుంది. 816లో కూకై అనే ఆచార్యుడికి చక్రవర్తి ఇచ్చిన కొండ అది. ఇప్పటికీ యాభైకి పైగా ఆలయాల్లో యాత్రికులకి బస, భోజనం ఉంటాయి. మొదటిసారి వెళ్ళినప్పుడు సాయంత్రం ఆరింటికల్లా ఎర్ర లక్క పీటల మీద భోజనం తెచ్చి పెట్టారు. చిన్న చిన్న గిన్నెలు. ఒకదాంట్లో తెల్లటి చతురస్రపు ముక్క, మీద గోరంత పచ్చటి వాసాబి, ఆవపిండిలా ఘాటుగా ఉండే ముద్ద. చూడ్డానికి అచ్చం మన జున్ను. నోట్లో పెట్టుకుంటే నువ్వులు! పాలు లేవు, సోయా కూడా లేదు. దాని పేరు గోమాదోఫు. 'తోఫు' అన్నమాటే గానీ అందులో ఉండేవి నువ్వులు, కుజు అనే తీగ దుంప పిండి, నీళ్ళు.

చేసే పద్ధతి రాస్తాను. పెరటితోట గారూ, ఇది మీ ఇంట్లో ఖాయంగా అవుతుంది.

పొట్టు తీసిన తెల్ల నువ్వుల ముద్ద ఒక వంతు, కుజు పిండి ఒక వంతు, నీళ్ళు ఏడెనిమిది వంతులు. కోయా కొండ మీద నువ్వులు వేయించరు, అందుకే అంత తెల్లగా ఉంటుంది. కుజు దొరక్కపోతే పాలగుండ వాడండి. కాస్త మెత్తగా వస్తుంది కానీ కుదురుతుంది. మొక్కజొన్న పిండి మాత్రం వద్దు, ఆ సాగుడు రాదు. అన్నీ కలిపి గుడ్డలో వడకట్టి, మందపాటి గిన్నెలో మధ్యస్థంగా మంట పెట్టి కలుపుతూ ఉండాలి. ఒక చోట గడ్డలు కట్టడం మొదలవుతుంది, గరిటె ఒక్కసారిగా బరువెక్కుతుంది. చాలామంది అక్కడే దించేస్తారు. అసలు పని అక్కడ మొదలవుతుంది. మంట సిమ్‌లో పెట్టి ఇంకో పది, పదిహేను నిమిషాలు ఆపకుండా అడుగు నుంచి తిప్పాలి. అప్పుడు గిన్నె అంచు వదిలి, ముద్ద మొత్తం నిగనిగలాడుతూ గరిటెతో పాటు తిరుగుతుంది. తడి చేసిన గిన్నెలో పోసి, ఆ గిన్నెని చల్లటి నీళ్ళలో పెట్టండి.

ఆ పదిహేను నిమిషాలూ ఫోను చూడటం కుదరదు. చూస్తే అడుగంటుతుంది.

పాలమూరు_పిల్ల · సోమవారం, ఉదయం 11:30

ఇది చదువుతుంటేనే నోరూరుతుంది. నేను హాస్టల్లో ఉంట. మాకు కెటిల్ తప్ప ఏం లేదు. కెటిల్‌తో అయ్యేదేమన్న ఉంటే చెప్పండి అన్నా.

తొట్లకొండ_గాలి · సోమవారం, మధ్యాహ్నం 2:18

చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి. రెండు మాటలు సరిచూసుకోవాలి అనిపించింది.

బుద్ధుడు భిక్షువులకి మాంసం పూర్తిగా నిషేధించలేదు. జీవక సుత్తంలో ఉన్నది మూడు షరతులు. ఆ జంతువుని తనకోసం చంపినట్టు చూడకూడదు, వినకూడదు, అనుమానం కూడా ఉండకూడదు. బుద్ధుడి బంధువూ భిక్షువూ అయిన దేవదత్తుడు మాంసం, చేపలు పూర్తిగా మాన్పించమని పట్టుబడితే బుద్ధుడు ఒప్పుకోలేదు. భిక్షాపాత్రలో పడింది తినాలి, ఇచ్చినవాణ్ణి ఎంచకూడదు. అదీ అప్పటి ధర్మం. శాకాహారాన్ని గట్టిగా చెప్పింది తర్వాతి మహాయాన గ్రంథాలు, ముఖ్యంగా లంకావతార సూత్రం. చైనాలో లియాంగ్ వంశపు వూ చక్రవర్తి (పాలన 502–549) దాన్ని భిక్షువులందరికీ నియమం చేశాడు. అక్కణ్ణుంచి కొరియాకీ, జపాన్‌కీ పాకింది.

వెల్లుల్లి సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పాలీ వినయంలో, అంటే భిక్షువుల నియమాల గ్రంథంలో, ఒక కథ. ఒక భిక్షువు వెల్లుల్లి తిని, పక్కవాళ్ళకి వాసన వస్తుందని ధర్మోపదేశంలో దూరంగా కూర్చున్నాడు. బుద్ధుడు అది గమనించి, ఉపదేశానికి దూరం చేసే తిండి ఎందుకు అని అడిగి నిషేధించాడు. తర్వాత ముఖ్య శిష్యుడు సారిపుత్తుడికి కడుపులో వాతం పట్టుకుంది. ఇదివరకు దేనితో తగ్గింది అని అడిగితే వెల్లుల్లితో అన్నాడు. జబ్బు చేస్తే తినవచ్చని నియమం సడలించారు. ఇక్కడ కామం, క్రోధం మాటే లేదు. పక్కవాడికి ఇబ్బంది, అంతే.

మధ్యాహ్నం దాటాక తినకూడదన్న నియమానికీ సడలింపు ఉంది. అనారోగ్యంతో ఉన్న భిక్షువుకి నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం, ఈ అయిదూ మందుగా పనికొస్తాయి.

మాకు దగ్గర్లోనే, విశాఖ – భీమిలి దారిలో తొట్లకొండ ఉంది. రాతిలో తొలిచిన పదకొండు నీటి తొట్లు ఉన్నాయి, కొండకి ఆ పేరు వాటివల్లే. ధ్యానపు గదులూ స్తూపాలూ చూసి అందరూ వెళ్ళిపోతారు. మూడు హాళ్ళ వంటశాల, పక్కనే భోజనశాల పునాదులు కూడా అక్కడ బయటపడ్డాయి. నేను పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడల్లా ముందు అక్కడే నిలబెట్టేవాణ్ణి. సముద్రపు గాలి తిన్నగా పొయ్యి మీదకే వస్తుంది. ఆ గాలిలో మంట ఎలా నిలబెట్టారో అని ప్రతిసారీ అనుకుంటాను.

గుంటూరు_ధమ్మ · సోమవారం, రాత్రి 8:47

గాలి గారు చెప్పినందుకు సంతోషం. అదే నేనూ అందామనుకున్నాను, ఇంకాస్త సూటిగా.

మాది ధమ్మం తీసుకున్న కుటుంబం. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చెప్పించిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం తాగనన్నది ఉంది, ప్రాణులన్నిటి మీదా కరుణ చూపిస్తానన్నది ఉంది. మాంసం తిననన్నది లేదు. మా తాత చివరిదాకా పొద్దున్నే పంచశీల చెప్పుకున్నాడు, చివరిదాకా చేపల పులుసు తిన్నాడు. ఆయన బౌద్ధుడు కాదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

బళ్ళో నా క్యారేజీ మూత తీయగానే పక్కకి జరిగి కూర్చున్నవాళ్ళు ఉన్నారు. ముప్పయ్యేళ్ళయినా ఆ మూత చప్పుడు నాకు గుర్తుంది. అందుకే 'సాత్వికం', 'పవిత్రం' అన్న మాటలతో తిండి గురించి మొదలెడితే నాకు ఒళ్ళు బిగుసుకుంటుంది. పెరటితోట గారిని అనడం లేదు, ఆవిడ మనస్ఫూర్తిగా అడిగారు. వండుకోండి, తినండి, బాగుపడండి. కానీ మన దేశంలో శాకాహారం పళ్ళెంలో ఆగదు, మనిషి మీదకి వస్తుంది. ఈ చర్చలో ఆ మాట లేకుండా పోకూడదని రాస్తున్నాను.

కోయాసాన్_యాత్రి · సోమవారం, రాత్రి 10:20

ధమ్మ గారూ, మీ మాట కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. జపాన్‌లో కూడా ఇదే జరిగింది. చంపడం మైల అన్న భావన పాకాక, పశువుల్ని కోసేవాళ్ళనీ తోలు పనివాళ్ళనీ ఊరి బయటికి నెట్టారు. వాళ్ళ సంతతి 'బురాకు' అన్న పేరుతో ఇప్పటికీ పెళ్ళిళ్ళ దగ్గర, ఉద్యోగాల దగ్గర వివక్ష ఎదుర్కొంటున్నారు. షోజిన్ వంట అందం చెప్పేటప్పుడు ఈ సంగతి దాచిపెట్టడం తప్పే. మొదటి పోస్టులో నేను రాయలేదు, రాయాల్సింది.

ఇక నన్ను ఈ వంట వైపు తిప్పింది మానేసే జాబితా కాదు. జెన్ (ధ్యానానికి పెద్దపీట వేసే బౌద్ధ శాఖ) ఆచార్యుడు దోగెన్ 1237లో రాసిన 'తెంజో క్యోకున్', అంటే మఠం వంటవాడికి ఉపదేశం. దోగెన్ 1223లో ఇరవై మూడేళ్ళ వయసులో చైనా వెళ్ళాడు. ఓడ రేవులో ఉండగా అరవై ఒక్కేళ్ళ ముసలి వంటవాడు ఎండు పుట్టగొడుగులు కొనడానికి ఓడ ఎక్కాడు. దూరంగా కొండ మీద మఠం నుంచి నడిచొచ్చాడు, మర్నాడు పండగ భోజనం. ఈ రాత్రికి ఉండిపొమ్మని దోగెన్ బతిమాలాడు. వీలుకాదు, రేపటి వంట నేనే చూడాలి అన్నాడాయన. ఈ వయసులో ధ్యానం, చదువు వదిలేసి వంట పని ఎందుకని అడిగితే ఆయన పెద్దగా నవ్వి, నీకు సాధన అంటే ఏమిటో ఇంకా తెలీలేదు నాయనా అన్నాడు.

ఇంకో మఠంలో ఇంకో వంటాయన. అరవై ఎనిమిదేళ్ళు, నడుం విల్లులా వంగిపోయింది. మండే ఎండలో తలకి టోపీ లేకుండా, కాలిపోయే పలకల మీద పుట్టగొడుగులు ఎండబెడుతున్నాడు. వేరేవాళ్ళకి చెప్పొచ్చు కదా అంటే, వేరేవాళ్ళు నేను కాదుగా అన్నాడు. ఇంత ఎండలో ఎందుకు అంటే, ఇప్పుడు కాకపోతే ఎప్పుడు అన్నాడు.

ఆ పుస్తకంలో దోగెన్ చెప్పేవి చాలా చిన్న పనులు. బియ్యం కడిగేటప్పుడు ఇసుకనీ చూడు, బియ్యాన్నీ చూడు, ఒక్క గింజ జారిపోనీకు. నాసిరకం ఆకుకూర దొరికిందని చిన్నచూపు వద్దు, మీగడ దొరికిందని సంబరం వద్దు. ఒక్క ఆకుని పట్టుకున్నా బుద్ధుడి దేహాన్ని పట్టుకున్నట్టు పట్టుకో. రుచులు ఆరు అంటాడు. తీపి, పులుపు, ఉప్పు, చేదు, కారం మనకీ తెలిసినవే. ఆరోది 'తాన్'. చప్పదనం కాదు. పదార్థం సొంత రుచిని ఏదీ కప్పకుండా వదిలేయడం. పెరటితోట గారికి నాలుగో రోజు సొరకాయలో దొరికింది అదే అని నా నమ్మకం.

ఇక్కడ ముల్లంగిని బియ్యం కడిగిన నీళ్ళలో ఉడికిస్తారు, చేదు పోతుంది. భోజనం చివర ఒక ముల్లంగి ఊరగాయ ముక్క ఉంచుకుని, గిన్నెలో వేడినీళ్ళు పోసుకుని, ఆ ముక్కతో గిన్నె అంతా తుడిచి, ముక్క తిని, ఆ నీళ్ళూ తాగేస్తారు. గిన్నెలో ఒక్క మెతుకు మిగలదు. మా అమ్మమ్మ కంచంలో మజ్జిగ తిప్పుకుని తాగేసేది. నేను చిన్నప్పుడు అది చూసి సిగ్గుపడేవాణ్ణి. ఆ గుడిలో ముల్లంగి ముక్కతో గిన్నె తుడుస్తుంటే అమ్మమ్మ గుర్తొచ్చి కళ్ళు తడిశాయి.

ఆహారవైద్యం · మంగళవారం, ఉదయం 7:15

నేను డైటీషియన్ని, విజయవాడ. చర్చ బాగుంది, చదివాక నాకూ గోమాదోఫు చేయాలని ఉంది. కానీ ఆరోగ్యం కోసం అన్నారు కనుక కొన్ని జాగ్రత్తలు చెప్పి తీరాలి.

జపాన్ వంటల్లో రసానికి కొంబు అనే సముద్రపు నాచు వాడతారు. పెద్దవాళ్ళకి రోజుకి కావాల్సిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు. ఎండు కొంబు ఒక్క గ్రాములోనే వెయ్యి మైక్రోగ్రాములు దాటిపోవచ్చు. మనం ఇప్పటికే అయోడిన్ ఉప్పు తింటున్నాం. థైరాయిడ్ ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్ని అడక్కుండా రోజూ వాడొద్దు. మీసో (పులియబెట్టిన సోయా ముద్ద), సోయా సాస్‌లలో ఉప్పు ఎక్కువ. ఒక గిన్నె మీసో సూపులోనే గ్రాము పైన ఉప్పు ఉంటుంది. రోజు మొత్తానికి అయిదు గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అందులో మన ఆవకాయ కూడా లెక్కే.

పాలు, పెరుగు కూడా మానేస్తే బి12 తప్పకుండా విడిగా తీసుకోవాలి. మొక్కల నుంచి నమ్మకంగా రాదు. నాచు తింటే వస్తుందిలే అనుకోవద్దు.

పెరటితోట గారూ, మీరు హద్దు మీద ఉన్నారు కాబట్టి అన్నం కొలత, పిండి పదార్థం చూసుకోండి. గోమాదోఫులో కూడా సగం పిండే, రెండు చిన్న ముక్కలు చాలు. షుగరు మాత్రలు లేదా ఇన్సులిన్ వాడేవాళ్ళు ఎవరైనా ఇది చదివి, మధ్యాహ్నం తర్వాత తినడం మానేద్దాం అనుకుంటే దయచేసి ఆగండి. రాత్రి షుగరు పడిపోయి స్పృహ తప్పిన వాళ్ళని చూశాను.

కోయాసాన్_యాత్రి · మంగళవారం, ఉదయం 8:02

మంచి మాట డాక్టరమ్మా. జెన్ మఠాల్లో రాత్రి భోజనాన్ని 'యాకుసెకి' అంటారు. అర్థం 'మందు రాయి'. ఒకప్పుడు భిక్షువులు వేడిచేసిన రాయి పొట్ట మీద పెట్టుకుని ఆకలి తట్టుకునేవాళ్ళట. తర్వాత ఆ పేరుతోనే కొంచెం తినడం మొదలైంది. చలికి తట్టుకోలేక నియమం సర్దుకున్నారు. ఒంటికి తగ్గట్టు మార్చుకోవడం వాళ్ళ సంప్రదాయంలోనే ఉంది.

కొంబు లేకుండానే చేయొచ్చు. కొంబు రసం రుచి వెనకున్న గ్లూటమేట్ అనే పదార్థాన్ని 1908లో ఇకెదా అనే శాస్త్రవేత్త కొంబులోనే కనిపెట్టాడు. కానీ అది టమాటాలో కూడా ఉంది. ఎండు షిటాకే పుట్టగొడుగులో గ్వానిలేట్ అనే ఇంకో పదార్థం ఉంటుంది. ఈ రెండూ కలిస్తే రుచి కూడిక కాదు, గుణకారం.

@పాలమూరు_పిల్ల, నీకు జవాబు ఇవ్వడం మర్చిపోయాను. మూడు ఎండు షిటాకేలు మూత బిగుసుకునే సీసాలో చల్లటి నీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టు. ఫ్రిజ్ ఉంటే అందులో పెట్టు. పొద్దున పుట్టగొడుగులు తీసి సన్నగా తరిగి, ఒక టమాటా ముక్కలు, కాస్త అల్లం, ఉప్పు వేసి, ఆ నీళ్ళతోనే కెటిల్‌లో పది నిమిషాలు మరిగించు. ముక్కలు ఉడికేదాకా తాగొద్దు.

అత్తమ్మ_వంట · మంగళవారం, ఉదయం 10:33

ఇవాళ ఇంగువ లేకుండా పప్పుచారు పెట్టాను. నలభయ్యేళ్ళలో మొదటిసారి. కందికట్టు వాసన విడిగా తెలిసింది, కొత్తిమీర విడిగా తెలిసింది. మా ఆయన ఏదో తక్కువైంది అన్నారు, రెండోసారి మాత్రం వడ్డించమన్నారు.

గుంటూరు అబ్బాయీ, నీ మాట రాత్రంతా గుర్తొచ్చింది. మా ఇంట్లో కూడా పక్కకి జరిగి కూర్చున్నవాళ్ళం ఉన్నాం నాయనా. నాకు ఆ రోజుల్లో అది తప్పని తెలీదు.

గుంటూరు_ధమ్మ · మంగళవారం, మధ్యాహ్నం 1:09

అత్తమ్మగారూ, చదివాను. ఈ మాట నాతో ఎవరూ ఎప్పుడూ అనలేదు. ధన్యవాదాలు అండీ.

తొట్లకొండ_గాలి · మంగళవారం, సాయంత్రం 4:50

ధమ్మ గారికి ఇంకొకటి చెబుతాను. గుత్తికి దగ్గర్లో, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. మొదటి శిలాశాసనంలో ఆయన తన వంటింటి లెక్క తనే చెప్పుకున్నాడు. ఒకప్పుడు కూరల కోసం రోజూ లక్షల ప్రాణాలు పోయేవి, ఈ శాసనం రాయించే నాటికి మూడే, రెండు నెమళ్ళు, ఒక జింక, జింక కూడా అన్ని రోజులూ కాదు, ఇకముందు ఈ మూడూ చంపరు అని. చక్రవర్తి వేలు పెట్టింది పక్కవాడి క్యారేజీలో కాదు. తన గిన్నెలో ఏముందో చెప్పి, ఇంకా రెండు నెమళ్ళు మిగిలాయని ఒప్పుకుని, దాన్ని రాతి మీద చెక్కించాడు. నాకు ఆ నిజాయితీ చాలా ఇష్టం.

పెరటితోట · గురువారం, రాత్రి 9:26

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇంత వస్తుందని నేను అడగలేదు.

నిన్న గోమాదోఫు చేశాను, కుదర్లేదు. గరిటె బరువెక్కగానే అయిపోయింది అనుకుని దించేశాను. పొద్దున చూస్తే గంజిలా ఉంది. పారబోయబుద్ధి కాలేదు. ఇవాళ దాన్నే మళ్ళీ పొయ్యి మీద పెట్టి, కుర్చీ వేసుకుని కూర్చుని తిప్పాను. ఎనిమిదో నిమిషంలో చెయ్యి లాగేసింది, ఎడమ చేతికి మార్చాను. పన్నెండో నిమిషంలో యాత్రి గారు చెప్పిన నిగనిగ కనిపించింది. అంచు వదిలేసింది! తడిగిన్నెలో పోసి నీళ్ళలో పెట్టి, సాయంత్రం దాకా మూత కూడా తీయలేదు.

వాసాబి ఎక్కడ తెచ్చేది, చిటికెడు అల్లం తురుము పెట్టాను. మా అత్తగారు ఒక ముక్క నోట్లో వేసుకుని, "నువ్వుల జున్నా? ఏ ఆవుది?" అన్నారు. ఆవిడకి ఎనభై ఒకటి, పళ్ళు లేవు. రెండో ముక్క ఆవిడే అడిగి తీసుకున్నారు. ఆహారవైద్యం గారూ, నేను రెండు ముక్కల దగ్గర ఆగాను.

ఒక సందేహం. వడకట్టాక గుడ్డలో మిగిలిన నువ్వుల పిప్పి గుప్పెడు ఉంది. దోగెన్ గారి మఠంలో అయితే దాన్నేం చేస్తారు?

కోయాసాన్_యాత్రి · గురువారం, రాత్రి 9:51

మా గుడి వంటాయన ఆకుకూరలో కలిపేస్తారు. పాలకూర ఉడికించి, గట్టిగా పిండి, ఈ పిప్పి, నాలుగు చుక్కల సోయా సాస్. మీ ఇంట్లో తోటకూర ఉంటే ఇంకా మంచిది.

అత్తమ్మ_వంట · గురువారం, రాత్రి 9:58

తోటకూరలో నువ్వులపొడి మనదే కదమ్మా. కాడలు పారేయకు, అవి పులుసులోకి.

పాలమూరు_పిల్ల · గురువారం, రాత్రి 11:14

అన్నా, షిటాకే దొరికినయ్. మూడు సీసాలో వేసిన. ఫ్రిజ్ లేదు గానీ కిటికీ దగ్గర చల్లగనే ఉంది. రూంమేట్ ఏంది ఆ నల్లవి అని అడిగింది, పొద్దున తనకీ ఒక గ్లాసు పోస్తనని చెప్పిన.